బీగంచెవి లేకుండా

రాత్రి పన్నెండుంబావు.
కర్నూలు మార్కెట్ యార్డు వెనక, రెండో అంతస్తు గది.
కిటికీ తెరిస్తే ఎర్రగడ్డల ఘాటు,
మూస్తే మిషన్ల వేడి.
నేను ఘాటునే ఎంచుకున్నాను.

తెల్లారి నాలుక్కి మొదటి లారీ దిగేలోపల
కాటా లెక్కల ప్రోగ్రాముకు కొత్త ఇమేజ్ కట్టాలి,
క్లస్టర్లోనే కట్టి, రిజిస్ట్రీకి చేర్చాలి.
ఇన్నాళ్ళూ ఎట్ల కట్టినామంటే,
ఒక్క లైను:
ప్రివిలేజ్డ్, ట్రూ.
గోడ కట్టను వచ్చిన బేల్దారి చేతికి
ఊరి బీగంచెవులన్నీ గుత్తిగా ఇచ్చినట్టు.

ఆ లైను రాసింది నేనే.
తొందరలో రాసినాను, పని జరిగింది, మరిచిపోయినాను.

పోయిన నెల ఎవడో, ఏ దేశమోడో,
మేము దించుకున్న ఒక చిన్న లైబ్రరీ పొట్టలో కూర్చొని వచ్చినాడు.
కంటైనర్లోంచి మిషన్లోకి, ఈ మిషన్నుంచి ఆ మిషన్కు
తన ఇల్లే అన్నట్టు తిరిగినాడు.
ఏమీ ఎత్తకపోలేదు.
మూడు రోజులు మా కరెంటుతో వాని నాణేలు తవ్వుకున్నాడు.
కాటా నిలిచిపోయింది.
గోనెగండ్ల నుంచి వచ్చిన ఒకాయన
తన మూటల మీదనే రెండు రాత్రులు పడుకున్నాడు.
నన్నెవరూ తిట్టలేదు.
ఆ లైను పక్కన నా పేరుంది. అది చాలు.

"రూట్ ఇయ్యకుండా బిల్డ్ యాడయితాది మేడమ్?"
మద్దిలేటి అడిగినాడు.
నా దగ్గర జవాబు లేదు. టీకి కిందికి దిగినాను.

షెడ్డు బల్బు కింద జైనాబీ గోతాలు కుడుతోంది.
దబ్బనం, పురికొస, మోకాళ్ళ మధ్య గోతం.
వీపు వెనకే గోడౌను, తలుపుకు పిడికిలంత బీగం.
లోపలికి ఎప్పుడన్నా పోయినావా అంటే
తలెత్తకుండా అన్నది:
"నాకేం పని? తెచ్చి వేస్తారు, కుట్టి పక్కన పెడతా.
చెవి నా దగ్గరుంటే
ఏదన్నా పోయిన రోజు నా కొంగు కూడా ఇప్పించి చూస్తారు."

పైకి వచ్చి ఆ లైను కొట్టేసినాను.

మొదటిసారి: అనుమతి లేదు.
రెండోసారి: అనుమతి లేదు.
నంబర్ల వరుస రాయడం మరిచినానని
మూడోసారికి తెలిసింది.
అప్పుడు లేచింది పాడ్.
లోపల అది సున్నా. సున్నా అంటే రూట్,
ఆడిందే ఆట, పాడిందే పాట.
బయటి లెక్కలో మాత్రం లక్షో నంబరు మనిషి,
గడప దాటితే ఎవరూ నమస్తే పెట్టరు.
నాటకంలో రాజు కిరీటం తీసి
బీడీకి అగ్గిపెట్టె అడుక్కున్నట్టు.

పొరలంటే అందరూ ఎర్రగడ్డ పోలిక చెబుతారు.
యార్డు పక్కన కూర్చొని చెబుతున్నా, అది తప్పు.
ఎర్రగడ్డ పొర ఒలిస్తే పోతుంది.
ఇవి బేతంచెర్ల బండలు, ఒకదాని మీద ఒకటి.
కింది బండ మీద పాస్‌వర్డు రాసి
పై బండతో కప్పితే
పోయిందనుకుంటాం.
ఎత్తి చూసినోనికి అక్కడే ఉంటుంది.
అందుకే ఈసారి రాయలేదు,
కట్టేంతసేపూ చేతికిచ్చి, అయినాక వాపసు తీసుకున్నాను.

ఐదు నిమిషాల పని పదకొండయింది.
"నిదానం గదా," మద్దిలేటి.
నిదానమే.

జైనాబీ ప్రతి గోతం కొసన పచ్చదారం ముడి వేస్తుంది.
విప్పి మళ్ళీ కుడితే హమాలీలకు ఇట్టే తెలిసిపోతుంది.
నేనూ ఇమేజ్ మీద సంతకం పెట్టినాను.
మూడూ నలభై. కింద లారీ హారన్.

చివరగా ఇంకో ఉత్తరం రాసినాను:
క్లస్టర్ మొత్తానికీ నాకున్న అడ్మిన్ హక్కు తీసేయండి,
పని పడినప్పుడు అడుగుతాను.
రాసింది రెండు లైన్లే.
పంపే ముందు
వేలు కొంచెంసేపు ఆగింది.